లినక్సుకి మా బావ చెప్పిన సూచనలు

మన సాఫ్ట్‌వేర్ జనాలు నలుగురు ఒకచోట చేరి లినక్సు మాట ఎత్తితే సూచనలకి కొదవుండదు. గ్నోమ్‌లో డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పెట్టుకోనివ్వాలని ఒకరు, కేడీఈలో సెట్టింగులు మరీ ఎక్కువైపోయాయని ఇంకొకరు, వేలాండ్ ఇంకా కుదుటపడలేదని మరొకరు. సిస్టమ్‌డీ దగ్గరికి వచ్చేసరికి టీలు చల్లారిపోతాయి, గొంతులు వేడెక్కుతాయి :-) ఇవన్నీ పనికిరాని మాటలని నేననను. నేనూ ఆ గుంపులోవాడినే. కాకపోతే ఈ సూచనలన్నీ ఇప్పటికే లినక్సు వాడుతున్నవాళ్లవి. నల్ల తెర చూస్తే భయం లేనివాళ్లవి, ఇంగ్లీషులో బగ్ రాయగలిగినవాళ్లవి. వాడదామని కూర్చుని అరగంటకి లేచిపోయినవాళ్ల సూచనలు ఎక్కడా కనపడవు.

ఈ మధ్య అలాంటివి కొన్ని నా చెవిన పడ్డాయి. కొన్ని కరీంనగర్ నుంచి, కొన్ని ఆదిలాబాద్ నుంచి. అవి రాసి పెట్టుకోకపోతే పోతాయనిపించింది.

ముందు సంగతేమిటో చెప్తాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. కావాలంటే 2026 అక్టోబరు దాకా పొడిగించుకోవచ్చన్నారు గానీ, అది గడువు జరపడమే తప్ప గండం గడవడం కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసరు ఆ జాబితాలో ఉండాలి. కరీంనగర్‌లో మా బావకి జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. మూడు కంప్యూటర్లు, మూడూ పాతవే, ఒక్కటీ ఆ జాబితాలో లేదు. రెండు మార్చాలన్నా డెబ్బై ఎనభై వేల మాట. పేజీకి రెండు రూపాయలొచ్చే చోట అది ఎన్నాళ్లకి తీరాలి?

ఇక ఆదిలాబాద్ సంగతి. ఉట్నూరు దగ్గర ఒక సర్కారు బడిలో నాతో చదువుకున్నవాడు సారుగా ఉన్నాడు. హైదరాబాద్‌లో ఎవరో తీసేసిన కంప్యూటర్లు అయిదు వాళ్ల బడికి వచ్చాయి. వాటి వయసూ అంతే. రెండు చోట్లా లినక్సు పెట్టే పని నా మీద పడింది. అది డెబియన్ కుటుంబంలోని డిస్ట్రో అని చెప్తే చాలు, పేరుతో పని లేదు. పెట్టాక నేను పక్కన కూర్చుని, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకున్నాను. ఆ రాతలే ఇవి.

1. ముందే చెప్పండి

ఇన్‌స్టాల్ అయిపోయింది, తెర అందంగా ఉంది, ఇంటర్నెట్టు వచ్చింది. నేను లోలోపల మురిసిపోతుంటే బావ అడిగిన మొదటి మాట, "ప్రింట్ కొట్టు." కొట్టాం. రాలేదు. ప్రతి జిరాక్స్ షాపులోనూ కనిపించే చిన్న లేజర్ ప్రింటరే అది. కొత్త ప్రింటర్లకి ఇప్పుడు డ్రైవరు గొడవ లేదు, డ్రైవర్‌లెస్ పద్ధతిలో తగిలించగానే పనిచేస్తాయి. ఈ పాత రకంలో తెలివంతా కంపెనీ ఇచ్చే డ్రైవరులో ఉంటుంది, ప్రింటరులో కాదు. ఆ డ్రైవరు లేకపోతే అది ఉత్త డబ్బా.

"నీ లినక్స్ మంచిదో చెడ్డదో నాకెర్క లేదు బామ్మర్దీ. కౌంటర్ కాడ మనిషి నిలబడ్డంక కాయితం బయటికి రావాలె. గంతే" అన్నాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "రాదని ముందుగల్ల చెప్తే అయిపోవు. లోపం ఉంటె పెండ్లిచూపులప్పుడే చెప్పాలె గద."

నేను విన్న సూచనల్లో ఇది అన్నిటికంటే మంచిదేమో. లైవ్ యూఎస్‌బీ పెట్టగానే, డిస్కు ముట్టుకోకముందే, ఒక పేజీ రావాలి. మీ ప్రింటరు పనిచేస్తుంది, మీ స్కానరు పనిచేస్తుంది, మీ వేలిముద్ర యంత్రం పనిచేయదు. మూడు ముక్కలు. ఈ సమాచారమంతా సిస్టమ్ దగ్గర ఎలాగూ ఉంది. తగిలించిన ప్రతి యూఎస్‌బీ పరికరం నంబరూ కెర్నల్‌కి తెలుసు, ఏ ప్రింటరు ఎంత బాగా పనిచేస్తుందో ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లు ఏళ్ల తరబడి జాబితా కట్టారు. రెంటినీ కలిపి ఇన్‌స్టాల్ బటనుకి ముందు చూపించాలి, అంతే.

2. పాత ఫైళ్లు ఏం కావాలి?

బావ అసలు ఆస్తి కంప్యూటర్లు కాదు, ఒక ఫోల్డరు. పన్నెండేళ్ల పెండ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, బతుకమ్మ పోటీల కరపత్రాలు, బడుల వార్షికోత్సవాల ఆహ్వానాలు. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. కొత్త గిరాకీ వస్తే పాతది తెరిచి పేర్లు, తేదీ మార్చి ఇస్తాడు. "గియ్యే నా పెట్టుబడి" అంటాడు.

పేజ్‌మేకర్ ఫైలుని లిబ్రెఆఫీస్ తెరుస్తుంది, స్క్రైబస్ కూడా తెరుస్తుంది. చాలామందికి తెలియని మంచి విషయం ఇది. కానీ తెరిచాక కనిపించేవి గజిబిజి గుర్తులు. ఎందుకంటే అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చారు. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే చెత్త. పత్రికల సైట్లు ఇలాగే సొంత ఫాంట్లతో నడిచిన రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే పొడిగింత ఉండేది, గుర్తుందా? పేజీ తెరవగానే ఆ ఫాంటుని గుర్తుపట్టి యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. వాడేవాళ్లకి లోపల ఏం జరుగుతోందో తెలియాల్సిన పనే లేదు.

అదే పని ఆఫీసు సాఫ్ట్‌వేర్ చేయాలి. ఫైలు తెరిచినప్పుడు ఫాంటు పేరు తెలుస్తుంది కదా. "ఇది పాత ఫాంటులో ఉంది, యూనికోడ్‌కి మార్చమంటారా?" అని అడిగితే చాలు. ఒక్క తెలుగుకే కాదు, ఇలాంటి పాత ఫాంట్లతో హిందీ, తమిళం డీటీపీలు కూడా నడిచాయి. దేశంలో ఎన్ని వేల షాపుల తాళం ఇక్కడ పడి ఉందో ఆలోచించండి.

దీనికి తోక సూచన ఒకటుంది. తెలుగు ఎంచుకున్నవాళ్లకి అందమైన ఖతులు కూడా వెంటనే రావాలి. రామభద్ర, ధూర్జటి, పెద్దన, గిడుగు లాంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి, డెబియన్‌లో "ఫాంట్స్-తెలుగువిజయం" అనే ప్యాకేజీగా కూడా ఉన్నాయి. కానీ ఆ పేరు తెలిసినవాడికే అవి ఉన్నట్టు. ఒకే ఒక్క ఖతితో పెండ్లి కార్డు వేసిస్తే పిల్ల తండ్రి ఊరుకుంటాడా?

3. వేళ్లకి తెలిసిన కీబోర్డు

మనం లేఖినితోనో ఆర్‌టీఎస్‌తోనో తెలుగు రాయడం నేర్చుకున్నవాళ్లం. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేస్తుంది. డీటీపీ వాళ్ల లోకం వేరు. బావ వేళ్లు ఆపిల్ లేఅవుట్‌కి అలవాటు పడ్డాయి, తెర చూడకుండా కొడతాడు. లినక్సులో ఐబస్‌కి ఎం17ఎన్ విడిగా కలుపుకుంటే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతనతో పాటు ఆపిల్ కూడా ఉంది. అది చూపించాక కొన్ని ఒత్తుల దగ్గర తడబడ్డాడు గానీ రెండో రోజుకి దారిలో పడ్డాడు. దాన్ని వెతికి పట్టుకోవడానికి మాత్రం నాకే ఇరవై నిమిషాలు పట్టింది.

సూచన ఏమిటంటే, తెలుగు అని ఎంచుకోగానే "మీరు ఎలా టైపు చేస్తారు?" అని అడగాలి. పేర్లు చెప్పి వదిలేయకుండా, కీబోర్డు బొమ్మా, కింద కొట్టి చూసుకోవడానికి ఒక గడీ ఇవ్వాలి. ఏది తనదో మనిషి కన్నా ముందు వేళ్లే చెప్తాయి.

4. దస్త్రం సరే, నిష్క్రమించు ఎందుకు?

తెలుగు మెనూలు పెట్టి చూపిస్తే నాకో ఆశ్చర్యం. "దస్త్రం" చూసి నవ్వుతాడనుకున్నా. "ఎమ్మార్వో ఆఫీసుల దస్త్రమే గద, ఫైలు" అన్నాడు తేలిగ్గా. ఉర్దూ, తెలుగు కలిసి నడిచిన చోట ఆ మాట ఇంకా బతికే ఉంది. "నిష్క్రమించు" దగ్గర ఆగాడు. "ముద్రించు" చూసి, "ప్రింట్ ఎటు పోయింది?" అన్నాడు. దానికి మించిన చిక్కు, మెనూ సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో ఉండటం. కొత్త వెర్షనులో కలిసిన మాటలకి అనువాదం చేసేవాళ్లు లేక అవి అలా మిగిలిపోతాయి. "ఏదన్న ఒకటి పెట్టుండ్రి" అన్నాడు.

అనువాదం చేసేవాళ్లకి ఇది తిట్టు కాదు. జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని చేసిన పని అది. కాకపోతే ఏ మాట ఉంచాలో, ఏది మార్చాలో తేల్చే ముందు నిఘంటువుతో పాటు ఒక షాపు కౌంటరు దగ్గర కూడా కూర్చుంటే బాగుంటుంది. జనం నోట్లో ఉన్న ప్రింట్, సేవ్, ఫైల్ తెలుగు మాటలైపోయాయి, వాటిని వెళ్లగొట్టక్కర్లేదు.

5. ఫోను నెట్టుతో నడిచే బడి

ఇక ఉట్నూరు వైపు వెళ్దాం. అక్కడ బడికి ఇంటర్నెట్టు అంటే సారు జేబులోని ఫోను. రోజుకి ఒకటిన్నర జీబీ. ఇన్‌స్టాల్ అయిన వెంటనే అప్‌డేట్లు వచ్చాయి, ఒక కంప్యూటర్‌కే ఆ రోజు కోటా అయిపోయింది. మిగతా నాలుగూ నాలుగు రోజులు ఆగాలి. "అరే, ఒకదాంట్ల దిగింది మిగిలిన నాలుగు పంచుకోరాదా?" అని అడిగాడు వాడు.

ఎందుకు పంచుకోరాదు? విండోస్ 10 వచ్చినప్పుడే ఒకే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లు అప్‌డేట్లు పంచుకునే ఏర్పాటు పెట్టారు. మనకీ ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ ఉంది, ఆప్ట్-ఆఫ్‌లైన్ ఉంది. ఉన్నాయని నాకు తెలుసు, సారుకి తెలియదు. తెలిసినా ఆ కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఆయన రాయలేడు. సెట్టింగుల్లో ఒక మీట ఉండాలి, "ఈ గదిలోని కంప్యూటర్లతో అప్‌డేట్లు పంచుకో" అని.

ఉబుంటు వాళ్లు 2005 నుంచి 2011 దాకా షిప్‌ఇట్ పేరుతో అడిగినవాళ్లందరికీ సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. మనలో చాలామంది లినక్సు ముఖం మొదట చూసింది ఆ కవరులోనే. ఇప్పుడు నెట్టు అందరికీ ఉంది కదా అనే లెక్కతో అంతా దింపుకోవడం మీదే నడుస్తోంది. నెట్టు ఉండటం వేరు, నాలుగు జీబీ ఐఎస్‌ఓ దింపుకునేంత నెట్టు ఉండటం వేరు.

6. మా అక్షరాలు వస్తాయా?

ఇది ఒక పిల్లవాడి సూచన. సారు పిల్లలకి తెలుగులో పేరు టైపు చేయడం నేర్పుతుంటే, గోండు పిల్లవాడు ఒకడు అడిగాడట, "సార్, మా అక్షరాలు ఇండ్ల వస్తయా?" అని.

వాడు అడిగింది గుంజాల గోండి లిపి గురించి. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని లిపి అది. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11.0లో చేరింది. నోటో ఖతుల్లో దానికి ఫాంటు కూడా ఉంది. అంటే వాడి ప్రశ్నకి జవాబు "వస్తాయి" అనే చెప్పాలి. నిజానికి జరిగిందేమిటంటే, సారు ఆ ఫాంటు వేసి, అక్షరాల పట్టిక తెరిచి, ఒక్కో అక్షరం ఏరి అతికించి వాడి పేరు రాయడానికి ఒక పీరియడంతా పట్టింది. వాడు మాత్రం ఆ పేజీ దగ్గర్నుంచి కదల్లేదట.

1940ల్లో హైమండార్ఫ్ మార్లవాయిలో గోండు పిల్లల కోసం బడి నడిపించినప్పుడు గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. ఇప్పుడు సొంత లిపికి యూనికోడ్ స్థానాలున్నాయి, ఫాంటుంది. ఇంకా మిగిలింది సెట్టింగుల్లో ఒక వరుస, ఒక కీబోర్డు, మొదటి తెరలోనే కనిపించడం. అమ్మకాల లెక్కలు చూసుకునే కంపెనీ ఈ పని తలకెత్తుకోవడం కష్టం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేయగలదు. చేయకపోతే మనం రోజూ చెప్పుకునే ఆ "స్వేచ్ఛ" అనే మాటకి ఉట్నూరులో అర్థం ఏముంటుంది?

ఆదిలాబాద్‌లో ఒక్క తరగతి గదిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, లంబాడీ, కొలామీ వినిపిస్తాయి. కంప్యూటర్ ఒకటే, పిల్లలు మారుతుంటారు. కాబట్టి భాష మార్చుకోవడం సెట్టింగుల లోతుల్లో కాదు, లాగిన్ తెర మీదే పెద్దగా కనపడాలి.

సరే, సూచనలు ఇవి. ఇవి ఎక్కడికి వెళ్లాలి?

ఇక్కడే అసలు చిక్కు. సూచనలు వినే దారులు లేవని కాదు. ఉబుంటులో మొట్టమొదటి బగ్ 2004లో మార్క్ షటిల్‌వర్త్ స్వయంగా రాసింది. మార్కెట్‌లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌దే అన్నది ఆ బగ్. ఫోన్లూ ట్యాబ్లెట్లూ వచ్చి లెక్కలు మారాయని 2013లో మూసేశారు. 2008లో బ్రెయిన్‌స్టార్మ్ అని మొదలుపెట్టారు, ఎవరైనా సూచన రాయొచ్చు, మిగతావాళ్లు ఓట్లు వేయొచ్చు. 2013లో అదీ మూతపడింది. మధ్యలో 2010లో కిటికీ బటన్లు కుడి నుంచి ఎడమకి మార్చినప్పుడు జనం గగ్గోలు పెడితే, ఇలాంటివి ఓట్లతో తేలేవి కావని జవాబొచ్చింది. డిజైన్ ఓట్లతో చేయకూడదన్న మాటలో నిజం ఉంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఓట్లు పెట్టినా, తీసేసినా కరీంనగర్ షాపుకి తేడా ఏముంది? ఆ ఓటర్ల జాబితాలో మా బావ పేరు ఎప్పుడూ లేదు. బగ్ రాయాలంటే ఖాతా కావాలి, ఇంగ్లీషు కావాలి, లాగ్ ఫైలు ఎక్కడుందో తెలియాలి. ఇవన్నీ వచ్చినవాడికి ఆ ఇబ్బందే రాదు, వాడు ఎలాగో దాటేస్తాడు. ఇబ్బంది వచ్చినవాడికి ఇవేవీ రావు.

"ఓపెన్ సోర్స్ కదా, నచ్చకపోతే మీరే మార్చుకోండి" అనే జవాబు మనకి అలవాటే. అది డెవలపర్‌కి చెప్తే చేయి అందించినట్టు, మా బావకి చెప్తే తలుపు వేసినట్టు.

మరి దారి లేదా? ఉంది, జరిగిన ఉదాహరణలే ఉన్నాయి. స్క్రైబస్‌లో చాలా ఏళ్లు తెలుగు ఒత్తులు విడివిడిగా పడేవి, అరబిక్ కలిసేది కాదు. అరబిక్ కోసం పట్టుబట్టి ఒమాన్‌కి చెందిన డెవలపర్లు పనిచేశారు. 2017లో వచ్చిన 1.5.3లో క్లిష్ట లిపుల మద్దతు చేరింది, 2024లో 1.6 స్థిర వెర్షనుగా విడుదలైంది. వాళ్ల పుణ్యమా అని తెలుగు కూడా బాగుపడింది. మా కరీంనగర్ నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్లు పంపే డబ్బుతో ఎన్ని ఇళ్లు లేచాయో అందరికీ తెలుసు. అక్కణ్ణుంచి తెలుగు డీటీపీకి సాయం వచ్చిందన్నది మాత్రం మా బావకి నేను చెప్పేదాకా తెలియదు :-)

కేరళలో సర్కారు బడులు 2000ల నుంచే లినక్సు మీదకి మారాయి. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్, ఉబుంటు ఆధారంగా బడుల కోసం సొంత కూర్పు విడుదల చేస్తోంది. వాళ్లకి పనికొచ్చిన గుట్టు సాంకేతికం కాదు, మధ్యలో టీచర్లున్నారు. పిల్లవాడి ఇబ్బంది మలయాళంలో విని, సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పే మనిషి ఉన్నాడు. మన దగ్గర 2005లో స్వేచ్ఛ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చినప్పుడు, ఆ తర్వాత పిల్లల కోసం బాల స్వేచ్ఛ చేసినప్పుడు ఆ మధ్య మనుషులు కాలేజీ కుర్రాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చిన వాలంటీర్లు. ఆ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు, ప్రతి కొత్త వెర్షనుకీ మళ్లీ మనుషులు కావాలి.

ఆ మధ్య మనిషి ఇప్పుడెవరు? ఇది చదువుతున్నవాళ్లమే. ఇంట్లో "గిదేంది, గట్లెందుకైంది" అర్థమవుతుంది, ఆఫీసులో "స్టెప్స్ టు రీప్రొడ్యూస్" రాయడం వచ్చు. రెండూ వచ్చినవాళ్లు ప్రపంచంలో ఎంతమందో లేరు.

నేను ఈ సూచనల్లో నాలుగింటిని ఆయా ప్రాజెక్టులకి రాశాను. ఒకటి ఇదివరకే ఎవరో అడిగారని పాతదానితో కలిపేశారు. ఒకదానికి ఇంకా వివరాలు కావాలన్నారు, బావ షాపు నుంచి పంపాను. ఒక అనువాదం సవరణ చేరింది. ఇంకొకదానికి ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. నాలుగింట్లో ఒకటి, తక్కువేం కాదు. షాపులో ప్రస్తుతానికి ఒక కంప్యూటర్ నెట్టు తీసేసి పాత విండోస్‌తోనే డీటీపీ చేస్తోంది. రెండోది లినక్సు మీద ఆన్‌లైన్ ఫారాలు నింపుతోంది. మూడోదానికి వేలిముద్ర యంత్రం తగిలించి ఉంది, దాని డ్రైవరు వచ్చేదాకా అది కదలదు. కొత్త కంప్యూటర్ల ఖర్చు ఈ ఏటికి తప్పింది.

మీరు దసరాకో సంక్రాంతికో ఊరు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. బడి సారు కావచ్చు, షాపాయన కావచ్చు, మీ చిన్నమ్మ కావచ్చు, ఎవరో ఒకరి పక్కన ఒక గంట కూర్చోండి. మౌస్ మీరు ముట్టుకోవద్దు, "అది కాదు, ఇటు నొక్కు" అనొద్దు. వాళ్లు ఎక్కడ ఆగారో, ఆగినప్పుడు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తిరిగొచ్చాక అందులో ఒక్కటి ఇంగ్లీషులో బగ్‌గా రాయండి. అనువాదమైతే ఇంకా తేలిక, గ్నోమ్‌కి డ్యామ్డ్ లైస్ ఉంది, లిబ్రెఆఫీస్‌కి వెబ్‌లేట్ ఉంది, రెండూ బ్రౌజరులోనే తెరుచుకుంటాయి.

ఐకాన్ల రంగు గురించి ఆ తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం. ఏమంటారు?